మధ్యలో అరిగిన స్క్రూ

జూన్ 2, సోమవారం

మిల్లింగ్ మెషిన్ నా తోడికోడలికి ఇచ్చేశారు.

మామయ్య చేతులు తుడుచుకుని, ఆ గుడ్డని మెషిన్ హ్యాండిల్‌కి తగిలించి, "చిన్నమ్మాయ్, రేపట్నుంచి దీన్ని నువ్వు చూసుకో. నాకు డయల్ మీద గీతలు ఆనడం లేదు" అన్నారు. గిన్నె మీద మూత పెట్టమన్నంత తేలిగ్గా అన్నారు. నేను పక్కనే నా డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర ఉన్నాను. మొహం తిప్పలేదు. బిట్టు దిగుతూనే ఉంది, నేను దించుతూనే ఉన్నాను. ప్లేటు దాటి కింద చెక్కలోకి కూడా దిగిపోయిందని తర్వాత చూసుకున్నాను.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఈ మామయ్యే కదా, "నీది నిలకడైన చెయ్యి పెద్దమ్మాయ్, నా తర్వాత ఈ మిల్లింగ్ నీదే" అన్నది. ఆ మాట నేను దాచుకున్నాను. ఆయనకి పని ఎక్కువైనప్పుడూ, ఒంట్లో బాగాలేనప్పుడూ ఆ మెషిన్ మీద నిలబడింది నేనే. మిగతా రోజులన్నీ బెజ్జాలు. ముందు షెడ్డులో మా ఆయన వెల్డింగ్, వెనక గదిలో ఇనుము చెక్కే మిల్లింగ్ మీద మామయ్య, గోడవారగా నా డ్రిల్లింగ్, వాన్‌లో సరుకు తిప్పేది మరిది. మా వర్క్‌షాపు అంటే ఇదే. మరిది పెళ్ళి చేసుకుని ఈ తోడికోడల్ని తెచ్చాడు. మెషిన్ పని ట్రైనింగ్ అయిన పిల్ల అని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. నేను కూడా మురిసిపోయాను, ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని అందరూ అంటుంటే అదేదో మేకల సంగతి అనుకునేదాన్ని.

నాకు కుళ్ళేమీ లేదు. ఆ ముక్క ముందే రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 3, మంగళవారం

ఆమె తన పెట్టె తెచ్చుకుంది. నగల పెట్టె తెరిచినట్టు తెరిచింది. లోపల మెత్తటి గుడ్డ మీద రకరకాల కొలిచే సామాన్లు. ట్రైనింగ్‌లో మొదటి బహుమతిట. ఈ పిల్లకి నేనొక పేరు పెట్టుకున్నాను, కొలతలమ్మ అని. మనసులోనే. పైకి అనను, నాకు మర్యాద తెలుసు.

అందులో అయస్కాంతం కాలున్న స్టాండు ఒకటి, దాని తలకి గడియారంలాంటి గేజి. దాన్ని మెషిన్ బల్లకి ఆనిస్తే బల్ల నిజంగా ఎంత జరిగిందో ముల్లు చూపిస్తుంది. మామయ్య వంగి వంగి చూశారు. "అంకెలు పెద్దవమ్మా, నాకు కూడా కనిపిస్తున్నాయి" అని నవ్వారు. ఇన్నాళ్ళూ ఆయన డయల్ చూసుకోవడానికి పక్కన నిలబడి టార్చి పట్టింది ఎవరో ఆ క్షణంలో ఆయనకి గుర్తు రాలేదు. నేను గుర్తు చెయ్యలేదు.

జూన్ 5, గురువారం

వేలు తెగింది.

ఆమె మిల్లింగ్ చేసిన ముక్క బెజ్జాలకి నా దగ్గరికి వచ్చింది. ఎత్తబోతే అంచు బ్లేడులా దిగింది. ఇనుముని చెక్కినా తొలిచినా అంచు వెంట పదునైన రేకు లేస్తుంది. దాన్ని ఆకురాయితో తీసెయ్యాలి. తీసి, బొటనవేలితో ఒకసారి చుట్టూ తడిమి చూడాలి. నా చేతి మీదుగా పోయే ప్రతి ప్లేటూ ముందు వైపూ వెనక వైపూ అలా తడిమిందే. పసిపిల్ల పట్టుకున్నా గీరుకోదు. మామయ్య ఆ పని చెయ్యరు. ఆయన పనికి కూడా అంచులు తీసింది నేనే.

ఆమెకి నెమ్మదిగానే చెప్పాను. "నీ ప్లేటు ముట్టుకుంటే వేళ్ళు తెగుతున్నాయమ్మా, కాస్త అంచులు చూసుకో" అన్నాను. "బెజ్జం చోట్లో ఉంటే చాలక్కా, అంచుల్ని ఎవరు కొలుస్తారు" అని నవ్వింది. వెంటనే పరిగెత్తి గుడ్డ తెచ్చి నా వేలికి కట్టు కట్టిందనుకోండి, అది వేరే సంగతి. మరీ బిగించి కట్టింది.

ఇక ఆమె ప్లేట్ల అంచులు నేను ముట్టను. మామయ్యతో కూడా చెప్పేశాను, ఎవరి అంచులు వాళ్ళే చూసుకోవాలని. "మీ ఇష్టం తల్లీ" అన్నారు. ఆమె చూసుకోదు, పదునుగానే పంపేస్తుంది. పంపనీ.

జూన్ 6, శుక్రవారం

టీ కొట్టాయన గ్లాసులు పెడుతూ "చిన్న మేడం లేరా" అని అడిగాడు. నన్ను ఇన్నేళ్ళలో ఎవరూ మేడం అన్న పాపాన పోలేదు. ఇప్పుడు మాత్రం పెద్ద మేడం అన్నాడా, అదీ లేదు.

జూన్ 9, సోమవారం

పంపుల షాపు ఆయన మోటార్ల కింద వేసే ప్లేట్లు ఆర్డరిచ్చాడు. ఒక్కో ప్లేటుకి నాలుగు బెజ్జాలు. గీత గీసి నా డ్రిల్లు మీద వేసే రకం కాదు. నాలుగూ మోటారు కాళ్ళకి సరిగ్గా కూర్చోవాలి, అందుకని మిల్లింగ్ బల్ల మీద కొలుచుకుంటూ వెయ్యాలి. ఇవి కుదిరితే ఆయన పనంతా మనకేనని మామయ్య అందరికీ వినిపించేలా చెప్పి, "చిన్నమ్మాయ్, ఇది నీ చేతిలో ఉంది. దీంతో నీ సంగతి తేలిపోతుంది" అన్నారు.

భోజనాలయ్యాక కొలతలమ్మ వైస్ విప్పింది. నేను చూస్తూనే ఉన్నాను.

ప్లేటుని బిగించే ఆ వైస్ మా మెషిన్‌కి ఎప్పుడూ బల్ల కుడి చివర ఉంటుంది. తెలియనివాళ్ళు చూసి ఇదేం ఎడ్డెతనం అనుకుంటారు. బల్లని జరిపే పొడవాటి స్క్రూ కింద ఉంది. ఎన్నో ఏళ్ళు పనంతా నడిమధ్యనే జరగడంతో అది అక్కడ అరిగిపోయింది. మధ్యలో ఉన్నప్పుడు హ్యాండిల్‌ని ఒక వైపు తిప్పుతూ తిప్పుతూ రెండో వైపుకి మళ్ళించామా, డయల్ తిరుగుతుంది గానీ బల్ల వెంటనే కదలదు. ఆ ఖాళీ తిరుగుడుని మేం ఆట అంటాం. చివర్లో స్క్రూ కొత్తదానిలాగే ఉంది, ఆట లేదు. అందుకే మామయ్య వైస్‌ని చివరికి మార్చారు. ఆయన నాకు చెప్పిన మొదటి పాఠమూ అదే. గీత దాటిపోయావా, కాస్త వెనక్కి తిప్పేసి వచ్చేశాననుకోకు. అంకె వస్తుంది, బల్ల రాదు. బాగా వెనక్కి పో, నిండా ఒక చుట్టు పోయి, మళ్ళీ మొదటి వైపు నుంచే రా.

కొలతలమ్మ ఆ వైస్‌ని తీసుకొచ్చి నడిమధ్యన బిగించింది. పుస్తకంలో బొమ్మలా, ముచ్చటగా.

నేను ఏమీ అనలేదు. ఆమె అడగలేదు కదా. అడిగితే చెప్పేదాన్ని. అడక్కుండా చెబితే పెద్దరికం చూపిస్తోందంటారు.

జూన్ 10, మంగళవారం

రెండుసార్లు మంచినీళ్ళ వంకతో అటు వెళ్ళి చూశాను. ఇంకా ఏమీ కాలేదు.

జూన్ 12, గురువారం

ఏమీ కాలేదు. ఏమీ కాదు కూడా.

మామయ్య ప్లేట్ల మీద బోల్టులు పెట్టి చూశారు. నాలుగుకి నాలుగూ జారిపడ్డట్టు దిగుతున్నాయి. ఆయన వైస్‌ని తడిమి, "మధ్యలో ఆట ఉంటుందమ్మా, చూసుకున్నావా" అని అడిగారు. "మొదటి రోజే చూశాను మామయ్యా. ప్లేట్లు పొడుగు కదా, చివర పెడితే బల్ల వాలుతోంది. అందుకే మధ్యలో పెట్టి, డయల్ వదిలేసి గేజి ముల్లే చూస్తున్నాను" అంది. మామయ్య ఆమె తల నిమిరారు.

నేను గుట్టుగా దాచిపెట్టిన సంగతి ఆమె దగ్గర మొదటి రోజు నుంచే ఉంది. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు. రాసేస్తున్నాను, ఎవరు చదువుతారు గనక. ఆ పిల్లని చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది. పని చెడగొడితే మండదు, బాగా చేస్తేనే మండుతోంది.

ఇంట్లో అత్తయ్య "మీరిద్దరూ నాకు రెండు కళ్ళు" అంటుంది. మసక ఏ కంటికో చెప్పదు. మా ఆయనైతే అన్నం తింటూ "నీ మొహం చూస్తే మెషిన్‌ని చల్లబరిచే కూలెంటు కూడా కాగేలా ఉంది, ఏమైందే" అన్నారు. తలనొప్పి అన్నాను.

జూన్ 13, శుక్రవారం

ఈ రోజు చాలా పని చేశాను. సంతోషంగా ఉంది.

మామయ్యా మా ఆయనా గేటు బిగించే పని మీద తెల్లారే వెళ్ళిపోయారు. కొలతలమ్మ వచ్చింది గానీ కాసేపటికే ఒళ్ళు కాలిపోయింది. మరిది వాన్‌లో డాక్టరుకి చూపించి అటు నుంచటే ఇంటికి తీసుకెళ్ళాడు. వెనక గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. ఆమె చెయ్యాల్సిన ప్లేట్లు ఇంకా గుట్టగా ఉన్నాయి. రేపు బండెక్కాలి.

సాయం చేద్దామనిపించింది. సాయమే, ఇంకేమీ కాదు.

ఆ గేజి స్టాండు చేతికి అడ్డం వస్తుంటే తీసి ఆమె పెట్టెలో పెట్టేశాను. ఈ మెషిన్‌ని నేను ఎరగనా, ఆ గడియారం చూపిస్తే తెలియాలా. డయల్ చూసుకుంటూ పోతూ రెండు బెజ్జాలు, వస్తూ రెండు. మామయ్యకి చేసిపెట్టేటప్పుడు ఎప్పుడూ అలాగే వేస్తాను, తిప్పుడు సగం కలిసొస్తుంది. చెయ్యి ఎంత హాయిగా తిరిగిందో. కట్టర్ చప్పుడు వింటుంటే పాత స్నేహితురాలు పలకరించినట్టుంది. మొదటి ప్లేటు కొలిచాను. అంటే, మొదటి రెండు బెజ్జాలు కొలిచాను. అక్షరాలా సరిపోయాయి. ఒక్కో ప్లేటూ దించి ఆకురాయి పెట్టి ముందూ వెనకా అంచులు తీశాను, బొటనవేలితో తడిమాను. ఆమె పదును ప్లేట్ల పక్కన నావి పేర్చాను.

సాయంత్రం మామయ్య వచ్చి గుట్ట చూశారు. నేను చేతులు కడుక్కుంటున్నాను. "జ్వరమట కదా, అయినా మొత్తం ముగించేసే వెళ్ళింది పిల్ల. పని మీద ఎంత ప్రేమో" అన్నారు.

నోరు తెరిచాను. మూసేశాను. నేనే చెప్పుకోవాలా? అంచులు ఒక్కసారి తడిమితే అది ఎవరి చెయ్యో ఎవరికైనా తెలుస్తుంది. ఎవరో ఒకరు తడుముతారని సబ్బు అరిగేదాకా అక్కడే నిలబడ్డాను. మామయ్య బోల్టు పెట్టి చూసింది పైనున్న ఒక్క ప్లేటుకే, అదీ ఆమెదే. మరిది తాళ్ళు కట్టేశాడు.

జూన్ 14, శనివారం

బండి వెళ్ళింది. ఆమెకి జ్వరం తగ్గలేదు. జావ చేసి ఇచ్చాను. "మీరు లేకపోతే ఏమైపోయేదాన్నక్కా" అంది. ప్లేట్ల సంగతి తను అడగలేదు, నేను చెప్పలేదు.

జూన్ 19, గురువారం

ప్లేట్లు తిరిగొచ్చాయి.

కొలతలమ్మ జ్వరం తగ్గి ఈ రోజే పనిలోకి వచ్చింది. పంపుల షాపు ఆయన కూడా ఈ రోజే రావాలా? నేల మీద ప్లేట్లు పడేసి, ఒక దాని మీద మోటారు పెట్టి చూపించాడు. రెండు బోల్టులు దిగాయి, రెండు దిగలేదు. బాగున్నవి ఉంచుకుని పాడైనవే తెచ్చానన్నాడు. అరవలేదు. ఇంత చిన్న పని అప్పజెప్పినందుకు తనకే సిగ్గుగా ఉందన్నాడు, అది అరుపుకన్నా ఎక్కువ తగిలింది.

రెండు దిగడం, రెండు దిగకపోవడం. చూడగానే తెలిసిపోయింది నాకు. పోతూ వేసిన రెండూ బాగున్నాయి. వస్తూ వేసిన రెండూ ఆట మింగేసింది. వైస్ మధ్యలో ఉంది. వైస్ మధ్యలో ఉందని నాకు తెలుసు. అందరికన్నా ముందు నాకే తెలుసు, ఎవరికీ చెప్పకుండా ఎదురుచూసింది నేనే. చేతికి మాత్రం వైస్ చివర ఉన్నప్పటి అలవాటే ఉంది. ఎవరి కోసమో గొయ్యి తవ్వితే అందులో పడినా అర్థముంది. ఎవరో పూడ్చేసిన గోతిని మళ్ళీ తవ్వుకుని మరీ పడ్డాను.

మామయ్య ఆమె వైపు తిరిగి "ఎలా జరిగిందమ్మా ఇది" అన్నారు. ఆ షాపాయన ముందే అన్నారు. ఆమె మామయ్య మొహంలోకి చాలాసేపు చూసింది. నేను అయిపోయాననుకున్నాను. నేను చెయ్యలేదు, సగంలోనే వెళ్ళిపోయానని అంటుంది ఇప్పుడు, అందరూ నా వైపు తిరుగుతారు. గుమ్మడికాయల దొంగ అనకముందే నా చెయ్యి భుజం మీదికి పోతోంది.

"నా పొరపాటే మామయ్యా" అంది.

ఎందుకలా అంది? జ్వరానికి మతి పోయిందా? నేనైతే ఆమెని ఏమీ అనమనలేదు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. ఎవరూ అడగనిదానికి నేనెలా చెబుతాను?

జూన్ 20, శుక్రవారం

"కొన్నాళ్ళు నువ్వు చూడు పెద్దమ్మాయ్. ఆ పిల్ల బెజ్జాలేసుకుంటూ చెయ్యి నిలదొక్కుకోనీ. పాడైనవాటి బదులు కొత్తవి నువ్వే చేసి పంపు" అన్నారు మామయ్య. ఈసారి గుడ్డ నా చేతికే ఇచ్చారు.

మిల్లింగ్ మెషిన్ నాదైంది.

జూన్ 21, శనివారం

వైస్‌ని కుడి చివరికి మార్చాను. ప్లేటు బరువుకి బల్ల వాలింది. కింద చెక్క ఆనించి చూశాను, ఇంకా వాలింది. మళ్ళీ మధ్యకే తెచ్చాను. గేజి ఆమె పెట్టెలో ఉంది. అడగలేదు. ఒకే వైపు నుంచి వస్తూ, ప్రతి బెజ్జానికీ నిండా ఒక చుట్టు వెనక్కి పోయి మళ్ళీ వస్తూ వేశాను. నాలుగూ కుదిరాయి. ఆ రోజు కూడా ఇలాగే వేసి ఉంటే? ఈ ప్రశ్న రాయకుండా ఉండాల్సింది.

చాలా సంతోషంగా ఉంది. ఇన్నేళ్ళకి దక్కింది. చాలా సంతోషంగా ఉంది.

నా డ్రిల్లు దగ్గర ఆమె నిలబడి ఉంది. ఆమె పొడుగు, వంగి పని చెయ్యాల్సి వస్తోంది. స్టూలు కాలు కింద నేను పెట్టుకున్న అట్టముక్క ఆమె తియ్యలేదు.

జూన్ 23, సోమవారం

పాడైన ప్లేట్లు గోడకి ఆనించి ఉన్నాయి. కొలతలమ్మ తన ముక్క కింద ఎత్తు కోసం వాటిలోంచి ఒకటి లాగింది. లాగి, ఆగింది. బొటనవేలితో అంచు చుట్టూ తడిమింది. నేను ఎలా తడుముతానో అలాగే, ముందూ వెనకా. ఇంకొకటి తీసి తడిమింది. ఇంకొకటి.

నేను హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాను. ఏ అంకె దగ్గర ఉన్నానో తెలియదు.

ఆమె నా పక్కకి వచ్చింది. గొంతు పెంచలేదు. "అక్కా, ఈ ప్లేట్లకి నా వేలు తెగలేదు" అంది.

తెగకపోతే మంచిదేగా అన్నాను. నా నోటి నుంచి ఆ మాటే వచ్చింది, ఏం చెయ్యను.

"మామయ్య చేశారనుకున్నాను. కళ్ళు ఆనక పాడయ్యాయి కాబోలు, బయటాయన ముందు పెద్దాయన పరువెందుకు తియ్యాలని నా మీద వేసుకున్నాను. కానీ మామయ్య అంచులు తియ్యరు కదక్కా" అంది.

అంతే. వెళ్ళి మళ్ళీ బెజ్జం వేసుకుంది. రోజంతా మామూలుగానే మాట్లాడింది. టీ గ్లాసు అందించింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టి ఉండేదాన్ని. నాకు ఆమె మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. పని నాకన్నా బాగా చేస్తుంది, సరే. మంచితనంలో కూడా నాకన్నా ముందుండాలా?

జూన్ 24, మంగళవారం

చెప్పేశాను.

మామయ్య ఒక్కరే ఉండగా వెళ్ళి, "ఆ ప్లేట్లలో కొన్ని నేను కూడా చేశాను మామయ్యా, ఆ రోజు ఆమెకి ఒంట్లో బాగాలేదని" అన్నాను. కొన్ని అన్నాను. చిన్న మాట.

ఆయన నవ్వారు. "నువ్వు చేసినవి బాగానే ఉండుంటాయిలే, నీ చెయ్యి నాకు తెలియదా" అన్నారు. కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

చెప్పాల్సింది చెప్పాను. ఆయన అలా అనుకుంటే నా తప్పా? ఇక మనసులో ఏమీ లేదు.

జూన్ 25, బుధవారం

డయల్ తిరిగింది. బల్ల కదల్లేదు.

జూన్ 26, గురువారం

టీ వేళకి అందరూ వెనక గదిలో ఉన్నారు. మామయ్య, మా ఆయన, మరిది, ఆమె. నేను ఒక ప్లేటు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఎక్కడ మొదలుపెట్టాలో పొద్దున్నుంచీ ఆలోచించాను. ప్లేట్ల దగ్గర మొదలుపెడితే లాభం లేదు. అందుకని ఆమె వైస్ మధ్యకి మార్చిన రోజు దగ్గరికి వెళ్ళాను.

అది చూసి కూడా ఊరుకున్నానన్నాను. పని చెడిపోతుందేమోనని మంచినీళ్ళ వంకతో వెళ్ళి చూశానన్నాను. చెడిపోకపోతే ఏడుపొచ్చిందన్నాను. జ్వరం రోజు మిగిలిన ప్లేట్లన్నీ నేనే చేశానని, గేజి నేనే తీసేశానని, వస్తూ రెండు వేశానని, పాడైనవన్నీ నావేనని చెప్పాను. మెచ్చుకోలు తనకి పోయిందని ఆ సాయంత్రం ఉక్రోషంతో నోరు మూసుకున్నానని, తర్వాత భయంతో మూసుకున్నానని కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ ప్లేటు అంచునే చూశాను. మా ఆయన టీ గ్లాసు కింద పెట్టలేదు, తాగనూ లేదు.

మామయ్య ముందు ఆమె వైపు తిరిగారు. "మరి నువ్వెందుకమ్మా నీ మీద వేసుకున్నావు" అని అడిగారు.

ఆమె నన్ను చూసి, నేల చూసి, "మీరు చేశారనుకున్నాను మామయ్యా" అంది.

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "నా కళ్ళు మరీ అంత పోలేదమ్మా" అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు కుదరలేదు. ఆయన్ని అలా చూడటం నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది. నా వల్ల ఆయనకి ఇంకో మాట కూడా తెలియాల్సి వచ్చింది, ఇంట్లో తన చూపు గురించి ఎవరేమనుకుంటున్నారో.

అక్కడితో ఆపాల్సింది. నేను ఆపలేదు. "మిల్లింగ్ నాకిస్తానన్నారు మామయ్యా" అన్నాను. గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

"అన్నాను. మర్చిపోలేదు. నువ్వు మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు, డ్రిల్లే నీకు హాయిగా ఉందనుకున్నాను. ఆ పిల్ల వచ్చిన రోజే అడిగింది" అన్నారు.

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. నిజమే. ఆయనకి తెలియాలి కదా అనుకున్నాను. ఆ రోజు సబ్బు చేతులతో నిలబడి ఎవరో ఒకరు అంచులు తడుముతారని చూసినట్టే, ఇన్నేళ్ళూ నిలబడ్డాను.

గుడ్డ నేనే తీసుకెళ్ళి ఆమె భుజం మీద వేశాను. ఆమె వద్దనలేదు. వద్దంటే నాకు మళ్ళీ మండేది.

జూన్ 27, శుక్రవారం

మరిదితో కలిసి పంపుల షాపుకి వెళ్ళాను. నేనే చేశానని ఆయనకి కూడా చెప్పాను. "మీరా" అన్నాడు. అంతకుముందు ఆయనకి నేనెవరో తెలియదు.

ఇంట్లో మా ఆయన రోజంతా ముభావంగా ఉన్నారు. పడుకోబోయే ముందు "నాకైనా చెప్పాల్సింది" అన్నారు. తలనొప్పి అన్నది గుర్తొచ్చింది.

జూలై 5, శనివారం

నా డ్రిల్లు దగ్గరికి నేను వచ్చేశాను. స్టూలు ఎత్తు మార్చి ఉంది, మళ్ళీ నా ఎత్తుకి మార్చుకున్నాను.

పొద్దున మామయ్యని అడిగాను. వారంలో సగం రోజులు మిల్లింగ్ మీద నేను పని చేస్తానని, ఆ గేజి వాడటం నేర్చుకుంటానని. నోరు తెరిచి, ఆయన మొహం చూస్తూ, అందరి ముందూ అడిగాను. "ఇప్పుడే కాదు. అడిగావు కదా, గుర్తుంటుంది" అన్నారు. గుర్తు లేకపోతే మళ్ళీ అడుగుతాను. నేర్పాల్సింది ఆమే అని తలుచుకుంటే మాత్రం పళ్ళు పటపటమంటున్నాయి.

కుళ్ళు పోయిందా అంటే, లేదు. పొద్దున్నే ఆమె కన్నా ముందు వచ్చి షట్టరు తీసి, ఆమె ప్లేట్లు ఎన్ని చేసిందో ఓరగా చూస్తున్నాను. చూస్తున్నానని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

మధ్యాహ్నం ఆమె మిల్లింగ్ చేసిన కొత్త ముక్కలు నా దగ్గరికి వచ్చాయి. అలవాటుగా గుడ్డ చుట్టుకుని ఎత్తాను. ఏదో తేడాగా ఉంది. గుడ్డ తీసేసి బొటనవేలితో తడిమాను. ముందు వైపు, వెనక వైపు, నేను ఎప్పుడూ వదిలేసే మూలల్లో కూడా. ఎక్కడా రేకు లేదు. గాజులా ఉంది. తలెత్తి చూస్తే ఆమె తల వంచుకుని గేజి చూసుకుంటోంది. బెంచీ మీద ఆమె కొనుక్కున్న కొత్త ఆకురాయి ఉంది.

నాకన్నా బాగా తీసింది.

ఒళ్ళు మండిపోయింది. ఇంకోసారి తడిమాను.